యంత్రప్రియుల ఇష్టాగోష్ఠి



సికిందరాబాదులోని పార్కులేను వీథిలో చెనాయ్ ట్రేడ్ సెంటరను భవనమొకటి కలదు. ఇరుకైన నడవలలో ఒకరి భుజమునొకరు రాచుకొనుచు నడచువారికి ఇరుప్రక్కల గాజు బీరువాలును, అట్టపెట్టెల దొంతరలును, చుట్టలు చుట్టి వ్రేలాడదీసిన కేబుళ్లును, బాగుచేయువారి బల్లలమీదినుండి లేచు టంకపు పొగయును ఎదురగుచుండును. కంప్యూటరనునది ఒక్క పెట్టెగా కాక భాగములు భాగములుగా అమ్ముడుపోవు ఆ అంగళ్లలో తిరిగి తిరిగి, శనివారము ప్రొద్దుగ్రుంకు వేళకు మేము నలుగురము దగ్గరనున్న ఇరానీ హోటలులో ఒక బల్లచుట్టు చేరుదుము. అప్పుడు మొదలైన మాటలు చాయ్ గ్లాసులు రెండుమారులు నిండి ఖాళీయైన పిదపగాని ముగియవు. ప్రక్క బల్లవారు చెవియొగ్గినచో వారికి వినవచ్చునవి అంకెలు మాత్రమే: ఇన్ని కోర్లు, ఇన్ని గిగాబైట్లు, ఇన్ని వాట్లు, ఇంత వేడి. మాకు మాత్రము అది వారమంతయు ఎదురుచూచిన విందు. ఆ విందునుగూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

గోష్ఠియను మాటకు మూలము గోష్ఠము. అనగా ఆవులు నిలుచు చోటు. పగలంతయు వేర్వేరు బీళ్లలో మేసిన పశువులు సాయంకాలమున ఒక కొట్టమునకు చేరి, తిన్నదానిని తీరికగా నెమరువేయును. మా కూటమి సరిగా ఇట్టిదే. నేను కళాశాలలో భౌతికశాస్త్రము చెప్పి విశ్రాంతి పొందినవాడను. రెండవ మిత్రుడు బ్యాంకులో ముప్పదియేండ్లు లెడ్జర్లు వ్రాసి, ఆ లెడ్జర్లు కంప్యూటరులోనికి మారుచున్న కాలమున పాత మొత్తములను క్రొత్త మొత్తములతో సరిచూచి రాత్రులు గడిపినవాడు. మూడవవాడు ఆ భవనములోనే చిన్నగదిలో పాత యంత్రములు బాగుచేయు మెకానిక్కు. నాలుగవవాడు, వయస్సున మాకు కొడుకువంటివాడు, హైటెక్ సిటీ వైపున ఒక డేటా సెంటరులో రాత్రి డ్యూటీ చేయు యువకుడు. ఒకడు యంత్రమును లెక్కలవైపునుండి, ఒకడు విరిగినవైపునుండి, ఒకడు వేలకొలదిగా వరుసలు తీరినవైపునుండి చూచినవాడగుటచే, ఒక్కొక్కనికి తెలిసినది తక్కిన ముగ్గురకు తెలియదు. అందుచేతనే మాటలకు కొఱత లేదు.

క్రిందటి వేసవిలో బ్యాంకు మిత్రునకు ఇంటిలో ఒక సర్వరు నిలుపవలెనని కోరిక పుట్టెను. పిల్లల ఫొటోలు, పెండ్లి వీడియోలు, ఇంటి దస్తావేజుల నకళ్లు నాలుగు ఫోనులలోను రెండు పాత ల్యాప్‌టాపులలోను చెదరియున్నవి. వానినన్నిటిని ఒక్కచోట చేర్చి, ఇంటివారందరు ఏ గదినుండియైనను చూచుకొనునట్లు చేయవలెననునది ఆయన అభిలాష. కార్యాలయములవారు కొన్నియేండ్లు వాడి విడిచిన సర్వర్లు మా బజారులో దొరకును. క్రొత్తగానున్నప్పుడు లక్షలు పలికిన యంత్రము, వాడుకనుండి తొలగిన పిమ్మట, ఒక మంచి ఫోను వెలకు లోబడి వచ్చును. రెండు ప్రాసెసర్లు, రెండు పవర్ సప్లయిలు, ముందువైపునుండి చేతితో లాగి తీయదగిన డిస్కులు, స్క్రూడ్రైవరుతో పనిలేకుండ విడివడు లోపలి భాగములు—ఆ పొందికను చూచిన పిదప ఆయన మనస్సు నిలువలేదు. “ఇంట్ల పెట్టేది కాదు సార్ ఇది, చెవులు పోతయ్” అని మెకానిక్కు చెప్పనే చెప్పెను. అయినను ఆటోలో వేయించుకొని తీసికొనిపోయెను. ఆ రాత్రి పదకొండు గంటలకు నాకు ఫోను వచ్చెను. ఆయన మాటకంటె ముందు నాకు వినబడినది, రన్‌వే మీదినుండి విమానము లేచునప్పటి హోరు. “మాస్టారూ, మా ఆవిడ వరండాలోకి పక్క వేసుకుంది, దీన్ని కాస్త శాంతింపజేసే ఉపాయం చెప్పండి” అని ఆయన ఆ హోరులో అరచుచుండెను.

మరుసటి శనివారమంతయు ఆ హోరుమీదనే గడచినది. సర్వర్లను అమర్చు ఇనుప చట్రము వెడల్పు 19 అంగుళములు. కంప్యూటర్లు పుట్టకముందే టెలిఫోను పరికరములను బిగించుటకు స్థిరపడిన కొలత అది. ఆ చట్రములో ఒక్కొక్క అంతస్తు ఎత్తు 1.75 అంగుళములు, దానినే ‘ఒక యూ’ అందురు. మా మిత్రుడు కొన్నది ఒక యూ యంత్రము. ఇంత పలుచని పెట్టెలో 40 మిల్లీమీటర్లకు మించిన ఫ్యాను నిలువబెట్టుటకు చోటుండదు. ఇక్కడ నా పాత పాఠము పనికివచ్చినది. ఒకే ఆకృతి గల ఫ్యానులలో, తోయు గాలి పరిమాణము అడ్డకొలత ఘనమును బట్టి మారును. కావున అడ్డకొలత సగమైనచో, అదే గాలిని తోయుటకు వేగము ఎనిమిదింతలు కావలెను. వేగము రెట్టింపైన ప్రతిసారియు చప్పుడు సుమారు 15 డెసిబెళ్లు హెచ్చును. ఇంటి పెట్టెలో 120 మిల్లీమీటర్ల ఫ్యాను నిమిషమునకు వేయి చుట్లు తిరిగి మెల్లగా చేయు పనిని, ఆ చిన్న ఫ్యానులు వరుసగా నిలిచి పదివేల చుట్లు దాటి తిరిగి చేయవలసియుండును. సర్వరును రూపొందించినవాడు దాని ప్రక్కన నిదురించు మనుష్యుని ఊహింపలేదు. వాని ఊహలో నున్నది గదినిండ చల్లనిగాలి, దాని నడుమ ఎడతెగని పని.

“మా దగ్గర లోపలికి వెళ్లాలంటే చెవులకి మఫ్స్ పెట్టుకుంటాం అంకుల్” అని యువకుడనెను. బ్యాంకు మిత్రుడప్పటికే వేఱొక లెక్కలో మునిగియుండెను. ఆయన యంత్రము పనిలేక ఊరక నిలిచినప్పుడే 150 వాట్లు త్రాగుచున్నదని మీటరు పెట్టి చూచుకొనెను. అనగా రోజునకు 3.6 యూనిట్లు, ఏడాదికి 1,314 యూనిట్లు. ఇంటి కరెంటు బిల్లు స్లాబు దాటిపోవుటకిది చాలును. కడకు తేలిన పరిష్కారమేమనగా, ఆ పలుచని పెట్టెను మెకానిక్కుకే యిచ్చివేసి, దానికి మాఱుగా ఒక చిన్న సర్వరు బోర్డును, తక్కువ కరెంటు త్రాగు ప్రాసెసరును తీసికొని, పెద్ద ఫ్యానులు పట్టు మామూలు ఇంటి పెట్టెలో బిగించుట. సర్వరు గుండెను ఇంటి దేహములో నిలిపితిమన్నమాట. ఈ సంకరజాతి యంత్రమే ఇంటికి తగినదని నేనిప్పటికిని నమ్ముదును. ఏలయన సర్వరులో ఇల్లు గ్రహింపవలసిన గుణము దాని వేగము గాని దాని దేహదార్ఢ్యము గాని కాదు, వేఱొకటి కలదు.

అదేదో చెప్పుటకు మరియొక సాయంకాలపు మాటలు మీకు వినిపించెదను. “సార్, మీ ఇంట్లో మెషీన్‌కి ఈసీసీ ర్యామ్ వేశారా?” అని యువకుడు నన్నడిగెను. మెకానిక్కు అడ్డుతగిలెను: “ఇంటి పీసీకి ఈసీసీ ఎందుకు తమ్మీ? ఆగితే రీస్టార్ట్ కొడ్తరు, అయిపాయె.” అప్పుడు బ్యాంకు మిత్రుడు గ్లాసు క్రిందబెట్టి, “లెడ్జరులో ఒక అంకె దానంతటది మారిపోతే, ఏ పుస్తకాన్ని రీస్టార్ట్ చెయ్యమంటారు?” అనెను. ఒక్క క్షణము ఎవరును మాటాడలేదు.

తప్పును తానే పసిగట్టి తానే దిద్దుకొను జ్ఞాపకశక్తికి ఈసీసీ అని పేరు. దాని కథ నాకు మిక్కిలి ఇష్టము. 1940వ దశకపు చివర అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో రిచర్డ్ హామింగ్ అను గణితజ్ఞుడు రిలేలతో నడచు గణనయంత్రముపై పనిచేయుచుండెను. ఆ యంత్రమునకు తప్పు జరిగినదని గుర్తించు నేర్పు కలదు. పనిదినములలో తప్పు దొరలినచో యంత్రము ఆగిపోవును. మనుష్యులు వచ్చి సరిచేయుదురు. వారాంతములలో మనుష్యులుండరు గనుక, అది ఆ లెక్కను విడిచి మరియొక లెక్కకు పోవును. హామింగ్ లెక్కలు వారాంతమున పెట్టినవే; వరుసగా రెండుమారులు సోమవారమున వచ్చి చూచుసరికి అవి మధ్యలో విడువబడియున్నవి. తప్పు జరిగినదని తెలిసికొనగల యంత్రము ఆ తప్పెచ్చటనున్నదో ఏల తెలిసికొనరాదు, తెలిసికొన్నదానిని ఏల దిద్దుకొనరాదు అని ఆయనకు కోపముతో కూడిన ప్రశ్న పుట్టెను. ఆ ప్రశ్నకు సమాధానముగా 1950లో ఆయన ప్రచురించిన వ్యాసము నేటికిని ప్రతి సర్వరులో ప్రతిక్షణము పనిచేయుచున్నది.

దానిని మాకు బోధపఱచినది గణితజ్ఞుడు కాదు, బ్యాంకు మిత్రుడే. బిల్లు వెనుకవైపున నాలుగు వరుసలు అంకెలు వ్రాసి, అడ్డముగ ఒక మొత్తమును, నిలువుగ ఒక మొత్తమును కట్టెను. “ఇప్పుడు మధ్యలో ఏదో ఒక అంకె మార్చండి” అనెను. మార్చితిని. ఒక అడ్డువరుసయు ఒక నిలువువరుసయు మొత్తము తప్పినవి. ఆ రెండును కలియు గడిలోనే తప్పున్నది. ఎంత తప్పినదో తెలిసినది గనుక అసలు అంకె యేదో కూడ తెలిసినది. హామింగ్ సంకేతము ఇంతకంటె పొదుపైనది గాని, దాని ప్రాణము ఇదే. 64 బిట్ల సమాచారమునకు 8 బిట్ల సాక్ష్యమును తోడుచేసినచో, ఒక బిట్టు తప్పును దిద్దుటయు, రెండు తప్పులైనచో కనిపెట్టుటయు సాధ్యమగును. కనుకనే డీడీఆర్4 కాలమువరకును సాధారణముగ ర్యామ్ పలకమీద వరుసకు ఎనిమిది చిప్పులున్నచో అది ఇంటి సరుకనియు, తొమ్మిదున్నచో సర్వరు సరుకనియు మా మెకానిక్కు వ్రేలితో లెక్కించి చెప్పగలడు. ఆ తొమ్మిదవది తక్కిన ఎనిమిదింటికిని సాక్షి.

అంకెలు వానంతటవే మారుటెట్లని శ్రోతలకు సందేహము కలుగవచ్చును. చిప్పులను పొదిగిన పదార్థములలో అత్యల్పముగ కలిసియుండు రేడియోధార్మిక ద్రవ్యము విడుచు ఆల్ఫా కణములు జ్ఞాపకమును చెరపగలవని 1979లో ఇంటెల్ సంస్థకు చెందిన తిమొతీ మే, ముర్రే వుడ్స్ అనువారు ప్రచురించిరి. అంతరిక్షమునుండి వచ్చు విశ్వకిరణములు వాతావరణములో పుట్టించు కణములును ఇట్టి పని చేయగలవు. 2003లో బెల్జియము దేశమున స్కార్‌బేక్ అను చోట ఎన్నికలలో ఒక అభ్యర్థికి రాదగినన్ని వోట్లకంటె ఎక్కువ వచ్చినవి. తిరిగి లెక్కింపగా అధికముగ పడినవి సరిగ్గా 4,096. ఒకటిని రెండుతో పండ్రెండుమారులు హెచ్చించినచో వచ్చు సంఖ్య అది. అనగా పదమూడవ స్థానమున నున్న ఒకేయొక బిట్టు సున్న నుండి ఒకటిగా మారినదన్నమాట. విశ్వకిరణము దానిని తాకియుండవచ్చునని ఊహించిరే గాని నిరూపించుట ఎవరి తరము? 2009లో గూగుల్ సంస్థ సర్వర్లను పరిశీలించి వ్రాసిన పరిశోధనలో, ఏడాదిలో నూటికి ఎనిమిదికి మించిన ర్యామ్ పలకలలో తప్పులు కనబడినవని తేలినది. అవి తొమ్మిదవ సాక్షి గల పలకలు కనుక ఆ తప్పులు తెలిసినవి. మన ఇండ్లలోని యంత్రములలో జరుగునవి ఎవరికి తెలియును?

1981లో వచ్చిన తొలి ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులో ఎనిమిది బిట్లకొక తొమ్మిదవ బిట్టు ఉండెడిది; తప్పును దిద్దలేకున్నను కనిపెట్టి ఆగెడిది. పిమ్మటి కాలమున వెల తగ్గించు పోటీలో ఇంటి యంత్రములనుండి ఆ సాక్షి జారిపోయినది. ఇది నాకు మనస్తాపము కలిగించు విషయము. బ్యాంకు లెక్కకు తోడిచ్చిన సాక్ష్యమును తల్లి ఫొటోకు ఇయ్యనక్కఱలేదని నిర్ణయించుట ఏ న్యాయము? సర్వరునుండి ఇల్లు నేర్వదగినదని ఇందాక నేననినది ఇదియే: నేను తప్పుదును అని ముందే ఒప్పుకొని, ఆ తప్పునకు తగిన ఏర్పాటు చేసికొని పుట్టుట. రెండు పవర్ సప్లయిలు ఒకటి పోవునని తెలిసియే పెట్టినవి. నడచుచుండగనే లాగి తీయదగిన డిస్కులు అవి చెడుననియెరిగి అమర్చినవి. ఇంటి యంత్రము ఏదియు చెడదను ఆశతో నిర్మించినది.

ఈ బుద్ధి తెలుగువారికి క్రొత్తదియు కాదు. తాళపత్రములమీద గ్రంథములు బ్రదికిన దినములలో ప్రతి లేఖకుని చేతిలోను ఒక అక్షరము జారెడిది. కడపలో బంగళా కొని, పండితులకు జీతములిచ్చి కూర్చుండబెట్టిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను, ఒక్కొక్క కావ్యమునకు దొరకినన్ని ప్రతులు తెప్పించి, ప్రక్కప్రక్కన పెట్టించి, పాఠములను పోల్పించి శుద్ధప్రతులు వ్రాయించెను. ఒక ప్రతిలోని తప్పు మరియొక ప్రతిలో ఉండదను నమ్మకమే ఆ శ్రమకు ఆధారము. 1829లో వేమన పద్యములు అచ్చునకెక్కుటకు వెనుకనున్న పనియు అట్టిదే. ఈ సంగతి నేను చెప్పినప్పుడు యువకుడు చాలసేపు మౌనముగనుండి, “అయితే సార్, మా స్టోరేజీలో మూడు కాపీలు పోల్చి చూసే ప్రోగ్రాము బ్రౌన్ దొర పనే చేస్తోంది” అనెను. ఆ మాట విని నాకు కలిగిన సంతోషము ఇంతంత కాదు. కళాశాలలో ఎన్నియో ఏండ్లు చెప్పినను కొందఱికి పట్టనిది, చాయ్ చల్లారులోపల ఒక్కనికి పట్టినది.

ఇట్టి గోష్ఠులు లోకమునకేమి యిచ్చినవని యడుగువారికి నేను చెప్పు ఉదాహరణము అమెరికాలోని మెన్లో పార్కు అను ఊరిది. 1975 మార్చి 5వ తేదీ రాత్రి, వాన పడుచుండగా, గోర్డన్ ఫ్రెంచి అను ఆయన కారుషెడ్డులో సుమారు ముప్పదిమంది చేరిరి. ఆ ఏడు జనవరిలో ఒక ఎలక్ట్రానిక్సు పత్రిక ముఖపత్రముమీద ఆల్టెయిర్ 8800 అను యంత్రము బొమ్మ వచ్చినది. దానిని విడిభాగములుగా తెప్పించుకొని ఎవరికివారు అతుకుకొనవచ్చును. అందులోని జ్ఞాపకశక్తి 256 బైట్లు మాత్రమే. అనగా ఈ వాక్యములు నాలుగైదు పట్టుటకు చాలదు. కీబోర్డు ఎక్కడ? తెర ఎక్కడ? లేవు. ముందుపలకమీది మీటలను ఒక్కొక్కదానినే పైకి క్రిందికి త్రిప్పి ఆజ్ఞలెక్కింపవలెను. ఆ రాత్రి వచ్చినవారిలో స్టీవ్ వోజ్నియాక్ అను సిగ్గరి యువకుడొకడుండెను. అక్కడ విన్న మాటలు, చేతికిచ్చిన ఒక చిప్పు వివరపత్రము అతనిని నిదురపోనీయలేదు. మరుసటి ఏడే అతడు కట్టిన బోర్డు ఆపిల్ 1 అయినది. అతడు దాని పటములను ఆ మిత్రమండలిలో ఉచితముగ పంచిపెట్టెను.

ఆ మండలిలో జరిగిన ఒక ముచ్చట రేడియోలో చెప్పుటకే పుట్టినట్లున్నది. స్టీవ్ డాంపియర్ అను సభ్యుడు ఇంటివద్ద తన ఆల్టెయిరుచేత అంకెలను వరుసలోనికి తెచ్చు పని చేయించుచు, వాతావరణ వార్తలకై ప్రక్కన ఒక చిన్న రేడియో పెట్టుకొనియుండెను. యంత్రము పని మొదలిడగనే రేడియో చిత్రముగ కూయసాగినది. యంత్రములోని విద్యుత్స్పందనములు రేడియోకు అందుచున్నవని గ్రహించి, ఏ ఆజ్ఞకు ఏ స్వరము పలుకునో ఒక్కొక్కటిగ వెదకి, ఆయన ఒక ప్రోగ్రాము కట్టెను. కొన్నాళ్లకు మండలి కూడినప్పుడు, మీటలన్నియు ఓపికగా త్రిప్పి, యంత్రముమీద రేడియోనుంచి, బీటిల్సువారి పాటయొకటి వినిపించెను. తెర లేదు, స్పీకరు లేదు, శబ్దము పుట్టించు ఏ భాగమును లేదు. అయినను పాట వచ్చినది. అది ముగియగనే అడుగకయే రెండవ పాట వచ్చెను: ‘డెయిజీ’. 1961లో బెల్ ప్రయోగశాలలవారు ఐ.బి.ఎం. యంత్రముచేత పాడించినది ఆ పాటనే. అక్కడివారు లేచి నిలిచి చప్పట్లు కొట్టిరట. ఇంటి కంప్యూటరు తన గొంతును మొట్టమొదట రేడియోలో వినిపించినదనుట, ఈ మైకు ముందు కూర్చున్న నాకు ఎంత గర్వకారణమో శ్రోతలు గ్రహింతురు.

ఆ కారుషెడ్డునాటినుండి ఇంటికిని సర్వరు గదికిని నడుమ రాకపోకలు ఆగలేదు. 1994లో నాసా గోడార్డ్ కేంద్రమున థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ అనువారు, అంగడిలో దొరకు 16 మామూలు ప్రాసెసర్ల యంత్రములను తీగలతో కలిపి బేవుల్ఫ్ అను పేర ఒక గణనసమూహమును నిలిపిరి. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయములో గూగుల్ పుట్టినప్పుడు, 4 గిగాబైట్ల డిస్కులు పదింటిని పిల్లలాడుకొను ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన పెట్టెలో నిలిపిరి. ఆ పెట్టెను ఆ విద్యాపీఠమువారు నేటికిని భద్రపఱచియున్నారు. ఇంటి సరుకు సర్వరుకు అట్లు పోయినది. ఇప్పుడు సర్వరు సరుకు ఇంటికి వచ్చుచున్నది. పెద్ద యంత్రములకు వేసిన రిజిస్టర్డ్ ర్యామ్ మామూలు ఇంటి బోర్డులు పుచ్చుకొనవు; అందుచేతనే పాత బజారులో అది చవుక. దానికి తగిన పాత జియాన్ ప్రాసెసరును, బోర్డును వెదకి కూర్చుకొన్న విద్యార్థి, క్రొత్తదానిలో కొంతవెలకే పెద్ద పనిముట్టు సంపాదించును. మా మెకానిక్కు గదిలో అట్టి పిల్లలను తఱచుగ చూచుచుందును. కరెంటు ఎక్కువ త్రాగునను సంగతి వారికి మొదటనే చెప్పుట మా ధర్మముగ పెట్టుకొన్నాము.

ఇంతవరకు ఇతరుల సంగతులే చెప్పితిని. నా ఇంటి సంగతియొకటి చెప్పవలెను. మా అమ్మ పాటలు పాడెడిది. మంగళహారతులు, దంపుళ్లపాటలు, లాలిపాటలు, ఏ పుస్తకములోను లేనివి కూడ. ఆమె జీవించియుండగా మా తమ్ముడు వానిని క్యాసెట్లమీద పట్టెను. ఆమె పోయిన కొన్నియేండ్లకు ఆ క్యాసెట్ల టేపులు జిగురుపట్టుట చూచి, నేను ఒక్కొక్కదానిని కంప్యూటరులోనికి ఎక్కించితిని. ఆ పని ఒక వేసవి పట్టినది. ఒకదానిలోనిది పోయినను మరియొకదానిలో ఉండునని రెండు డిస్కులను జంటగ కట్టి, రెంటిమీదను ఒకేసారి వ్రాయబడునట్లు అమర్చుకొంటిని. ఈ జంటకట్టు విద్యకు రైడ్ అని పేరు. 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయపు డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ క్యాట్జ్ అనువారు వ్రాసిన వ్యాసమువలన ఆ పేరు నిలిచినది. నేను ఒకే అంగడిలో, ఒకేనాడు, ఒకే పెట్టెలోనుండి తీసిన రెండు డిస్కులు కొంటిని. ఒక మే నెలలో మొదటిది మూలుగసాగినది. దానిని మార్చి, రెండవదానినుండి క్రొత్తదానికి నకలు తీయుచుండగా, ఆ పని నడుమనే రెండవదియు ఆగిపోయినది. ఒకే తల్లి కడుపున ఒకేనాడు పుట్టి, ఒకే వేడిలో, ఒకే పనిచేసిన కవలలు రెండును కొలదిదినముల తేడాలో అలసిపోయినవి.

ఆ శనివారము నేను హోటలుకు పోలేదు. చీకటి పడిన పిదప ముగ్గురును మా ఇంటికే వచ్చిరి. మెకానిక్కు డిస్కులను చెవివద్ద పెట్టుకొని విని, తల అడ్డముగ ఊపెను. “సార్, క్యాసెట్లు పారేసిన్రా?” అని యడిగెను. పారవేయలేదు. అటకమీది ట్రంకుపెట్టెలో, అమ్మ పట్టుచీర మడతలలో అవి ఉండెను. మా తమ్ముని ఇంట టేపురికార్డరు ఇంకను పనిచేయుచుండెను. మరల ఒక వేసవి పట్టినది గాని, మూడు టేపులు తప్ప తక్కినవన్నియు దక్కినవి. ఆ మూడింటిలోనివి ఏ పాటలో అట్టమీద అమ్మ చేతివ్రాతలోనున్నవి. పాటలు మాత్రము లేవు.

ఇప్పుడు మా ఇంటి యంత్రములో డిస్కులు రెండు వేర్వేరు కంపెనీలవి, ఆరు నెలల యెడముతో కొన్నవి. వేసవిలో మా అటక అట్టుడికినట్లుండును గనుక అక్కడనున్న యంత్రమును క్రిందికి దింపి, గాలి ఆడు మూలలో గోడకు జానెడెడమున నిలిపితిమి. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ పది నిమిషములు మోసి, యంత్రమును మెల్లగ తానే నిదురపుచ్చును. జంటడిస్కులు నకలు కావని, చేతిపొరపాటున చెరపినది రెంటిలోను ఒకేసారి చెరపబడునని యువకుడు నాకు మరల మరల చెప్పి, మూడవ ప్రతిని డాలసులోనున్న మా అమ్మాయి ఇంటికి చేర్చు ఏర్పాటు చేసెను. మాకు రాత్రియైనప్పుడు వారికి పగలు. ప్రతిరాత్రి రెండుగంటలకు ఇక్కడి యంత్రము అక్కడి చిన్న యంత్రమును పలుకరించి, నాడు క్రొత్తగ చేరినదేమో, ఉన్నదానిలో మారినదేమో పోల్చిచూచి, తేడానుమాత్రమే పంపును. ఈ సంగతి వినిన మా అమ్మాయి, “నాన్నా, నాయనమ్మ రోజూ మా ఇంటికి వస్తోందన్నమాట” అనెను.

డాంపియర్ ముచ్చట నేను మిత్రులకు చెప్పిన సాయంకాలము, మెకానిక్కు ఊరకుండలేదు. “మీ ఇంట్ల పాత రేడియో ఉన్నదా సార్? పెట్టి చూద్దాం” అనెను. మా నాన్నగారినాటి మీడియం వేవు సెట్టొకటి ఉన్నది. నలుగురము మా ఇంటికి పోయి, దానిని యంత్రము ప్రక్కననుంచి, ఏ కేంద్రమును లేని చోటికి ముల్లు త్రిప్పితిమి. ఇప్పటి పెట్టెలు ఇనుపరేకుతో మూయబడినవి గనుక ఏమియు వినబడదనుకొంటిని. మొదట సన్నని ఝుంకారమొకటి వినవచ్చినది. యువకుడు తన ఫోనునుండి ఆజ్ఞ యిచ్చి, అమ్మ పాటల సంచయమును మొదటినుండి కడవరకు సరిచూచు పని మొదలుపెట్టించెను. తత్‌క్షణమే రేడియోలో ఆ ఝుంకారము మారినది. ఒకమారు హెచ్చి, ఒకమారు తగ్గి, నడుమ చిన్న చిటపటలతో, తేనెపట్టు కదలినట్లు నడచినది. బ్యాంకు మిత్రుడు కన్నులు మూసికొని వినుచుండెను. పని ముగియుటకు నలుబది నిమిషములు పట్టినది. తెరమీద తప్పుల సంఖ్య సున్న అని వచ్చినది. రేడియో మరల సన్నగ మ్రోయసాగినది. మా ఆవిడ చాయ్ తెచ్చి బల్లమీద పెట్టి, “ఏం పాట అది?” అని యడిగినది.